తలుపు బాగుచేయను, నాజీబ్రోలా

కుతైసి. పాత బజారు వెనక సందు.
రియోని నది రాత్రంతా అరిచి
పొద్దున్నకి బొంగురుపోయిన గొంతుతో పారుతోంది.
నా బల్ల మీద నీ మైక్రోవేవ్,
తలుపుకి ఎర్ర రిబ్బను ముడి.

కూర్చో. ఆ స్టూలు కాదు, అది కుంటిది.

నిజం చెప్పు, ఎవరు కట్టారీ రిబ్బను?
లోపల గొళ్ళెం దగ్గర రాగి తీగ చుట్టిందెవరు?
మరిదేనా?
మూయని తలుపుని మూసినట్టు నమ్మించాడు దాన్ని.
అబద్ధం నమ్మడం నేర్చిన యంత్రం
ఇంట్లో ఉండకూడదు.

ఇటు చూడు, అద్దం లోపల ఇనుప జల్లెడ.
అర జానెడు అల, ఆవగింజంత కన్నం,
ఎక్కణ్ణించి దూరుతుంది చెప్పు?
కానీ తలుపే వారగా తెరిచుంటే
జల్లెడ పాపం ఎవర్ని ఆపుతుంది!

ఈ పక్క గోడ మీద నల్లమచ్చ?
అత్తగారి కప్పా.
అంచుకి బంగారు గీత, అవునా.
బంగారం కదా, ఏమవుతుందనుకున్నావు.
ఈ పెట్టెలో బంగారానికీ చాక్లెట్ రేకుకీ
ఒకటే మర్యాద. మెరుపులు.
నవ్వకు, ఆ రోజు నువ్వు నవ్వి ఉండవు.

నీళ్ళ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు,
ఈ చెయ్యి చెప్పింది.
నున్నటి కొత్త గాజు గ్లాసు, నాలుగు నిమిషాలు.
బుడగ లేదు. అలికిడి లేదు.
మా త్సియాలా కోపమొచ్చిన రోజు ఎంత నెమ్మదిగా ఉంటుందో అంత నెమ్మది.
కాగలేదేమో అనుకుని చెంచా ముంచాను.
మరిగి కూడా మాట్లాడని నీళ్ళు
ఒక్కసారిగా లేచి
మణికట్టు దాకా మాట్లాడాయి.
అప్పట్నించీ గ్లాసులో ముందే ఒక చెక్క పుల్ల వేస్తాను.
గంట మోగాక కూడా వెంటనే తలుపు తీయను,
నిమిషం ఆగుతాను.
ఆగడం నాకు అరవై దాటాక వచ్చిన విద్య.

గుడ్డు పెట్టకు.
పెంకు వలిచినా సరే,
పచ్చసొన పగ దాచుకుంటుంది,
పంటి కింద తీర్చుకుంటుంది.
మూత బిగించి ఏదీ పెట్టకు.
పెరుగొచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో సూపు కాచకు.
మనవరాలి పాలసీసా అయితే అసలే వద్దు:
సీసా చేతికి చల్లగానే ఉంటుంది,
నడిమి పాలు నిప్పు.
వేణ్ణీళ్ళ గిన్నెలో నిలబెట్టు, చాలు, మన అమ్మలు అలాగే చేశారు.

ఇంక తలుపంటావా.
డబ్బిస్తానన్నావు. సంచెడు అక్రోట్లిస్తానన్నావు.
ఆరో తరగతిలో నీ లెక్కలు నేనే చూసి రాసుకున్నానని గుర్తు చేశావు.
నిజమే, అన్నీ తప్పులే.
గొళ్ళెం విరిగింది, మడతబందు వంగింది,
ఈ మోడల్‌కి కొత్త తలుపు ఎక్కడా దొరకదు.
చేయను, నాజీబ్రోలా.

రిబ్బను విప్పుకుని వెళ్ళిపోయావు,
ఒక్క మాటైనా లేకుండా.
నాకు గాజు గ్లాసు గుర్తొచ్చింది.

మర్నాడు రబ్బరు తొడుగులేసుకుని
వెనక రేకు విప్పాను.
ప్లగ్గు పీకి ఒక రాత్రి గడిచింది.
లోపలి వెండిరంగు డబ్బా కాళ్ళకి
పిడికి గట్టి తొడుగున్న స్క్రూడ్రైవర్ ఆనించాను.
టప్!
నీలం నిప్పు.
ఇరవై ఆరేళ్ళ పని,
ఆ చప్పుడుకి ఇప్పటికీ కళ్ళు మూసుకుంటాను.
నీ మరిది తీగ చుట్టిన రోజు
ఆ డబ్బా నిద్రలో ఉండి ఉంటుంది.
అతనికి చెప్పు.
భయపెట్టడానికి కాదు,
ఊరికే చెప్పు.

సాయంత్రం మళ్ళీ వచ్చావు.
ఓవెన్ కోసం కాదు,
లోపల తిరిగే గాజు పళ్ళెం ఇవ్వమని.
ఖాచపూరీ పెట్టుకోడానికి సరిగ్గా సరిపోతుందట.
సబ్బుతో రెండుసార్లు కడిగి ఇచ్చాను.
గుమ్మం దగ్గర ఆగి అడిగావు,
"ఇది పొయ్యి మీద పెట్టొచ్చా, వర్లాం?"

కూర్చో అన్నాను.
ఆ స్టూలు కాదు.